గుడ్లగూబ రెక్కకు పదకొండు కథలు

కోతల బాబాయికి నిజం చెప్పడం రాదు. చెప్పకూడదన్న పంతమేమీ లేదు పాపం, నాలుక చివరికి వచ్చేసరికి ఆ నిజానికి తోకా కోరలూ మొలిచేవి. దెబ్బలు తిని, ఇక అడవికి తిరిగి వెళ్ళలేని జంతువులను పెంచి జనానికి పరిచయం చేసే కేంద్రంలో ఆయనది ఇరవై రెండేళ్ళ సర్వీసు. అన్నేళ్ళలో ఒక్క జంతువు కథనైనా రెండుసార్లు ఒకేలా చెప్పిన పాపాన పోలేదు.

కొత్తగా చేరిన గైడమ్మాయికి ఇది మింగుడుపడలేదు. తను చదువుకున్నది జంతుశాస్త్రం, నమ్మేది ఆధారాలను. అందుకని ఒక నోటుపుస్తకం పెట్టింది. ఒంటిరెక్క గుడ్లగూబకు దెబ్బ ఎలా తగిలిందన్న ప్రశ్నకు మూడు నెలల్లో బాబాయి చెప్పిన జవాబులు తొమ్మిదయ్యాయి. ఒకనాడు అది పిడుగుతో పందెం కాసింది. మరొకనాడు ఆవలిస్తున్న చిరుతపులి నోట్లో దూరి, అది నోరు మూసేలోగా బయటపడింది. ఇంకొకనాడు తన నీడనే ఎలుక అనుకుని బండకేసి కొట్టుకుంది.

"మొన్న పిడుగన్నారు కదా బాబాయ్?"

"అది కుడిరెక్కకి."

"కుడిరెక్క బాగానే ఉందిగా!"

"చూశావా మరి! పిడుగు కూడా ఏం చెయ్యలేకపోయింది."

ఇలాంటి మనిషితో వాదించడమంటే గోడకు తల బాదుకోవడమే. అయినా ఆయన పని చేస్తుంటే ఆ పిల్ల కన్నార్పకుండా చూసేది. తోలు చేతితొడుగు వేసుకుని ఆయన పిడికిలి చాపితే గుడ్లగూబ దొరగారిలా వచ్చి కూర్చునేది. తిన్న ఎలుక బొచ్చునూ ఎముకలనూ ఉండగా చుట్టి అది కక్కేస్తే, పిల్లలు "ఛీ" అంటూనే ముందుకు తోసుకొచ్చేవారు. ఆయన ఆ ఉండను విప్పి, అందులోంచి బుల్లి దవడ ఎముక తీసి చూపించేవాడు. అక్కడ మాత్రం ఒక్క అబద్ధం ఉండేది కాదు. కోతలన్నీ గాయాల దగ్గరే ఎందుకన్నది ఆమెకు అంతుపట్టలేదు.

మరొకటి కూడా ఆమె గమనించింది. గుడ్లగూబ కథ మొదలుపెట్టే ముందు బాబాయి ఒకసారి హాలు చివరి స్తంభం వైపు చూసేవాడు. తరచూ అక్కడ నీలం చొక్కా మనిషి ఒకడు, టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉండేవాడు. దగ్గరికి రమ్మన్నా వచ్చేవాడు కాదు.

ఇంతలో ఒక బడి నుంచి ఫిర్యాదు వచ్చింది. రెండు జట్లుగా వచ్చివెళ్ళిన ఒకే తరగతి పిల్లలు గుడ్లగూబ మీద వ్యాసం రాస్తూ పిడుగని కొందరు, చిరుత అని కొందరు రాశారట. ఎవరికి మార్కులు వేయాలో తెలియక టీచరమ్మ తల పట్టుకుందట. మేనేజరు బాబాయిని పిలిపించాడు.

"ఇవి అడవి పంపిన రాయబారులయ్యా. వీటి గురించి అబద్ధాలు చెబితే ఎట్లా?"

"రాయబారి అన్నాక ఉన్నదున్నట్టు చెప్తే యుద్ధాలొస్తాయి సార్."

మేనేజరుకు నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. "ఆదివారం పెద్దాఫీసు వాళ్ళు వస్తున్నారు. ఫైల్లో ఉన్నది తప్ప ఒక్క ముక్క ఎక్కువ చెప్పావో, మర్నాటినుంచి నువ్వు జనం ముందుకు రావు. వంటగదిలో మేత కోసుకుంటూ కూర్చోవడమే."

జనం లేని బాబాయిని గైడమ్మాయి ఊహించుకోలేకపోయింది. "ఈ ఒక్కరోజు ఫైల్లో ఉన్నది చదివెయ్యండి బాబాయ్, మీకు దణ్ణం పెడతాను" అని బతిమాలింది. ఆయన తల ఊపాడు. ఆ ఊపుడు ఆమెకు నమ్మకంగా అనిపించలేదు.

ఆదివారం హాలు నిండింది. పెద్దాఫీసు నుంచి వచ్చిన ఆవిడ ముందు వరసలో కూర్చుని సూటిగా అడిగింది. "ఈ రెక్కకి ఏమైందండీ?"

బాబాయి చివరి స్తంభం వైపు చూశాడు. నీలం చొక్కా అక్కడే ఉంది. ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఒకరోజు చందమామ కిందికి జారుతుంటే, ఇది రెక్క అడ్డుపెట్టి..."

మేనేజరు లేచాడు. "చాలు! అమ్మాయ్, ఫైల్లో ఏముందో నువ్వు చదువు."

మేనేజరు బీరువాలోనే ఉండే ఆ ఫైలును ఆమె మొదటిసారి తెరిచింది. అందులో బాబాయి చేతిరాతే ఉంది. "తెల్లవారుజామున పాలవ్యాను తగిలి ఎడమరెక్క విరిగింది. డ్రైవరే బండి ఆపి, చొక్కా విప్పి చుట్టి తెచ్చాడు. ఏడుస్తున్నాడు. మళ్ళీ వచ్చి చూడొచ్చా అని అడిగాడు. రమ్మన్నాను."

ఆమె తలెత్తింది. నీలం చొక్కా జేబు మీద పాల డెయిరీ ముద్ర ఉంది. ఆ మనిషి టోపీని పిండేస్తూ, దెబ్బకు సిద్ధపడ్డవాడిలా కళ్ళు దించుకున్నాడు. నెలనెలా తాబేలు దగ్గర నిలబడి కళ్ళొత్తుకునే ముసలావిడ కూడా అప్పుడే ఆమెకు గుర్తొచ్చింది. ఆ తాబేలు ఒక ఇంట్లో బకెట్లో పెరిగి కాళ్ళు వంకర పోయినదని దాని వైద్యం కార్డులో ఉంది. బాబాయి మాత్రం అది నాట్యం నేర్చుకుంటూ కాళ్ళు మెలేసుకుందని చెప్పేవాడు.

"చదువమ్మా" అన్నాడు మేనేజరు.

ఆమె ఫైలు మూసింది. "ఇది రోడ్డు మీద పడి ఉంటే ఒకాయన ఆగాడండీ. చలిలో తన చొక్కా విప్పి దీనికి చుట్టి, ఇక్కడిదాకా తెచ్చాడు. ఆయనే రాకపోతే ఇది బతికేది కాదు. మేం దీన్ని చూసేవాళ్ళమే కాదు."

పెద్దాఫీసు ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "బోర్డు మీద ఇదే రాయించండి" అంది. మేనేజరు ఆ మాట రాసుకున్నాడు. వంటగది మాట మళ్ళీ ఎత్తలేదు.

జనం వెళ్ళాక పాలవ్యాను డ్రైవరు మొదటిసారి కంచె దాకా వచ్చాడు. గుడ్లగూబ ఆయన్ను ఎగాదిగా చూసి, మెడ పూర్తిగా వెనక్కి తిప్పేసుకుంది. ఆయన మాత్రం నవ్వుతూ అక్కడే నిలబడ్డాడు.

బాబాయి గైడమ్మాయి పక్కకు చేరి రహస్యంగా అన్నాడు. "పర్లేదు తల్లీ, అబద్ధమాడినా అతికినట్టు ఆడావు."

"అది అబద్ధం కాదు బాబాయ్! ముక్కముక్కా నిజం."

"నిజంతో కూడా ఈ పని అవుతుందన్నమాట!" అని బాబాయి నోరెళ్ళబెట్టాడు.