నోరు తెరుచుకుని ఉండమన్నాడు

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే మా నాన్న అన్నం ముందు నుంచి లేచి వెళ్లిపోయేవాడు. ఆయన మిషన్ బడిలో లెక్కల మాస్టరు. నేను ఆ ఇంట్లో పెరిగాను. సమాధుల పక్క దారిన ఒంటరిగా బడికి నడిచాను. ఏనాడూ ఏదీ కనిపించలేదు, కనిపిస్తుందేమోనని నేను చూడనూ లేదు. ఈ సంగతి ముందే చెబుతున్నాను, ఎందుకంటే ఇది చదివి చాలామంది నన్ను దయ్యాలను నమ్మేవాళ్లలో కలిపేస్తారు. నాకు ఆ రోజు జరిగిన దాని మీద ఉన్నది భయం కాదు, కోపం. ఇన్నేళ్లయినా అది చల్లారలేదు.

పోలీసు యాక్షన్ అయిపోయి కొన్నేళ్లయింది. హైదరాబాద్ రాష్ట్రం ఇంకా ఉంది. నేను సంగారెడ్డిలో ఆడపిల్లల బడిలో టీచరుగా పనిచేసేదాన్ని. మా ఆయన కూడా టీచరే, మగపిల్లల బడిలో. అత్తమ్మ మా దగ్గరే ఉండేది.

చిన్నప్పుడు బావి గిలక ఊడి మూతికి తగిలి నా ముందు పన్ను సగం విరిగింది. మిషన్ ఆసుపత్రిలో ఉండే ఒక దొరసాని డాక్టరు దానికి బంగారు తొడుగు వేసింది. చాలా ఏళ్లు అది బాగానే ఉంది. పిల్లలు నన్ను బంగారు పన్ను టీచర్ అనేవాళ్లు. తర్వాత తొడుగు అంచు దగ్గర చిగురు వాచడం మొదలైంది. చల్లటి నీళ్లు తాగితే తలలోకి పోటు. నాలుకతో నెడితే తొడుగు కదిలేది.

అప్పటికి బజారులో ఒక పండ్ల డాక్టర్ కొత్తగా దుకాణం తెరిచాడు. మా దిక్కు దంతాలను పండ్లు అంటారు. ఎక్కడ చదివాడో ఎవరికీ తెలియదు. హైదరాబాద్‌లో ఒక పెద్ద డాక్టరు దగ్గర పని నేర్చుకున్నాడని చెప్పుకునేవారు. కాలితో తొక్కే మర పెట్టుకుని పండ్లు అరగదీసేవాడు. నన్ను చూసి, బంగారం పాత మోజు, పింగాణీ తొడుగు వేస్తే సొంత పన్నులాగే తెల్లగా ఉంటుందన్నాడు.

ఏమైనా ప్రమాదం ఉంటుందా అని అడిగాను. అడిగానని గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే తర్వాత అందరూ "నువ్వు ముందే అడగాల్సింది" అన్నారు. ఆయన పకపకా నవ్వాడు.

"తొడుగు మార్చనీకె పానం వోతదా టీచరమ్మా? గంత పరేషాన్ ఎందుకు?"

మొదటి రోజే ఆయన చేసిన పని, పక్కనున్న మంచి పన్నును కూడా అరగదీయడం. దానికి ఏ జబ్బూ లేదు. ఎందుకు అరగదీశారంటే, జత కుదరాలన్నాడు. రెంటికీ తెల్ల తొడుగులు వేస్తే అందంగా ఉంటుందట. నన్ను అడగలేదు. నోట్లో మర తిరుగుతుంటే వద్దని ఎలా చెబుతాను? చేతితో ఆపబోతే నా చెయ్యి పట్టి కుర్చీ మీద పెట్టాడు.

రెండోసారి వెళ్లినప్పుడు పాత తొడుగు తీయాలి. పొద్దుటి పూట, ఎండ బాగా కాస్తోంది. ఆ రోజు మా ఆడపిల్లల బడికి మాత్రం సెలవు. ఆయన చిగురుకు మత్తుసూది ఇచ్చి, కుర్చీ వెనక్కి వాల్చి, బంగారు తొడుగును ఒక పక్క కోసి, పట్టుకారుతో అటూ ఇటూ కదిలించాడు. అది ఊడీ ఊడనట్టు వేలాడుతోంది. అంతలో బయటి నుంచి ఎవరో పిలిచారు. ఎవరో దోస్తు. ఆయన పట్టుకారు కింద పెట్టాడు.

"నోరు తెరుసుకొని గట్లనే ఉండుండ్రి. కదలకుండ్రి. ఇప్పుడే వస్త."

వెళ్తూ వెళ్తూ వీధి తలుపు దగ్గరికి లాగి బయట గొళ్లెం పెట్టాడు. ఎవరూ లోపలికి రాకుండా అన్నమాట. లోపల ఒక మనిషి వాలు కుర్చీలో నోరు తెరుచుకుని పడి ఉందని ఆయనకు గుర్తున్నట్టు లేదు.

నేను కదలకుండానే ఉన్నాను. నాలుక మొద్దుబారిపోయింది. ఉమ్మి గొంతులోకి జారుతోంది. ఒక్కసారి మింగాను. తొడుగు జారింది. ఆ సంగతి నాలుకకు తెలియలేదు, గొంతుకే తెలిసింది. లోపల ఏదో అడ్డం పడి ఊపిరి ఆగిపోయింది.

దగ్గుదామంటే దగ్గు రాదు. అరుద్దామంటే గొంతు లేదు. లేవబోతే కుర్చీ వాలు నన్ను వెనక్కే పడేసింది. కాళ్లతో బల్లను తన్నాను. డబ్బాలు కింద పడ్డాయి. వీధిలో ఎడ్లబండి పోతున్న చప్పుడు వినిపిస్తోంది, ఎవడో బేరమాడుతున్నాడు. పగలు, బజారు నడిబొడ్డున, పదిమంది తిరిగే చోట చచ్చిపోతున్నానని అర్థమైంది. భయం కంటే ముందు ఒళ్లు మండింది. ఇదేం చావు అనుకున్నాను.

అప్పుడు వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి నా భుజం కింద పట్టి లేపింది.

ఆడమనిషి చెయ్యి. లావుగా, బలంగా ఉంది. మణికట్టు పైన పెనం కాలిన మచ్చ. చేతి నిండా తడి పిండి. ఆమె నన్ను కుర్చీ పక్కకు వంచింది, తల కిందికి వేలాడేట్టు.

"ఒంగు బిడ్డా, ఒంగు. ఉమ్మెయ్యి" అంది.

రెండు రెక్కల మధ్య దబదబా చరిచింది. తల్లి కూడా అంత గట్టిగా కొట్టదు. తొడుగు నెత్తురుతో సహా ఎగిరి నేల మీద పడింది. ఊపిరి వచ్చింది. నేను ఏడుస్తూ, దగ్గుతూ, కిందికి వంగే ఉన్నాను. ఆ చెయ్యి కాసేపు నా వీపు నిమిరింది. తర్వాత లేదు.

తల ఎత్తేసరికి ఆమె లేదు. నా దగ్గులో గొళ్లెం తీసిన చప్పుడు కూడా వినిపించలేదు, డాక్టరు అప్పటికే లోపల నిలబడి ఉన్నాడు. నేను ఆయనతో మాట్లాడకుండా ముందు వెనక గదిలోకి వెళ్లి చూశాను. పరుపు చుట్ట, ట్రంకు పెట్టె, అంతే. ఆయన హోటల్లో తినేవాడు కాబట్టి పొయ్యి కూడా లేదు. పెరటి తలుపుకు లోపలి నుంచి గడియ వేసి ఉంది. కిటికీకి ఇనుప చువ్వలు.

ఇంటికి వచ్చాక అత్తమ్మ నా వీపు చూసి నోరు నొక్కుకుంది. రవిక మీద జొన్నపిండి చేతి అచ్చు. అయిదు వేళ్లూ తెలుస్తున్నాయి, ఎండి తెల్లగా అయింది. రవిక కింద ఒంటి మీద కూడా ఎర్రగా తట్టు తేలింది. ఆ తట్టును సాయంత్రం మా ఆయనా చూశాడు. రవికను ఆయన బడి నుంచి వచ్చేదాకా దాచమని అత్తమ్మ చేతికిచ్చాను. రోజూ బైబిలు చదివే మనిషి, దాన్ని తీసుకెళ్లి సబ్బు పెట్టి ఉతికేసింది.

"గాలి సోకిన బట్ట బిడ్డా. ఇంట్ల ఉంచొద్దు" అంది.

ఉన్న ఒక్క సాక్ష్యం పోయింది.

మా ఆయన మంచివాడే. కానీ ఆయన కూడా "మత్తుసూది ఇచ్చిన్రు గద, కల వచ్చుంటది" అన్నాడు. చిగురుకు ఇచ్చిన సూది పెదవిని, నాలుకను మొద్దుబారుస్తుంది గానీ కళ్లకు లేనిది చూపిస్తుందా? కల వచ్చి వీపు మీద తట్టు తేలుస్తుందా? చర్చిలో పెద్దలు దేవదూత అన్నారు. దేవదూతలు జొన్నరొట్టెలు చేస్తారా అని అడిగితే నాకు గర్వం ఎక్కువన్నారు. బడిలో టీచర్లు ఆ ఇంట్లో ఎవరు చచ్చిపోయారో కనుక్కోవడానికి బయలుదేరారు. ఇంటి యజమాని నవ్వాడు. అది కొత్తగా కట్టిన ఇల్లు. అంతకుముందు మిరపకాయలు ఆరబోసుకునే ఖాళీ జాగా. అక్కడ ఎవరూ చావలేదు. ఆ చుట్టుపక్కల ఇళ్లన్నీ నేనే తిరిగాను. అలాంటి చెయ్యి ఉన్న మనిషి ఎవరూ లేరు.

ఊరంతా ఆమె ఎవరని అడిగింది. చీర రంగు అడిగింది, పాదాలు వెనక్కి తిరిగి ఉన్నాయా అని అడిగింది. ఒక్కరూ డాక్టరు గురించి అడగలేదు.

అడిగింది ఒక్క జైనబ్‌బీ. మా పక్కింట్లో బట్టలు కుట్టేది. నేను చెప్పిందంతా విని సూది పక్కన పెట్టింది.

"ఆమె ఎవరో అల్లాకే ఎరుక బేటీ. గా డాక్టర్ యాడికి వోయిండు? గది అడుగు ముందు."

బురఖా వేసుకుని తనే నన్ను వెంటబెట్టుకుని బజారుకు వచ్చింది. దుకాణం ఎదురుగా ఉన్న చాయ్ హోటల్ వాడు దాచకుండా చెప్పాడు. డాక్టర్‌సాబ్ దోస్తుతో కూర్చుని చాయ్ తాగాడు, బిస్కెట్లు తిన్నాడు, మళ్లీ చాయ్ తెప్పించుకున్నాడు.

మేమిద్దరం వెళ్లి ఆయన ఎదుట నిలబడ్డాం. ఆయన లేవను కూడా లేవలేదు.

"లూజ్ తొడుగు జారుతది. ఉమ్మేసిన్రు, అయిపాయె" అన్నాడు.

"తలుపు బయట గొల్లెం ఎందుకు వెట్టినవ్ సాబ్?" అంది జైనబ్‌బీ.

నన్ను చూసి, "మత్తుసూది ఇస్తె ఆడోల్లకు ఏవేవో కనవడ్తయి. గవన్ని నమ్ముతరా?" అన్నాడు. పిచ్చిదానితో మాట్లాడినట్టు మెత్తగా మాట్లాడాడు. ఆ మెత్తదనానికే నాకు ఒళ్లంతా కారం రాసినట్టయింది.

సర్కారు డాక్టరు దగ్గరికి వెళ్లి ఫిర్యాదు చేశాను. ప్రాణం పోలేదు కదమ్మా అని పంపేశాడు.

పన్ను సంగతి కూడా చెప్పాలి. మొండిగా మిగిలిన దాంతో, అరగదీసిన పక్క పన్నుతో కొన్నాళ్లు సరిగా తినలేక బాధపడ్డాను. చివరికి మా ఆయన హైదరాబాద్ పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. అక్కడి డాక్టరు నన్ను నిటారుగా కూర్చోబెట్టి, ముందు గొంతుకు అడ్డంగా గుడ్డ పెట్టి, అప్పుడే పనిముట్టు ముట్టుకున్నాడు. అలా పెట్టాలని నాకు అప్పుడే తెలిసింది. జారిన తొడుగు ఊపిరితిత్తిలోకి వెళ్తే ఛాతీ కోయాల్సి వస్తుందని, ఒక్కోసారి అంత వ్యవధి కూడా ఉండదని ఆయన చెప్పాడు. తొడుగు మార్చిన ప్రతిసారీ లోపలి పన్ను ఇంకాస్త తరుగుతుంది, అరగదీసిన మంచి పన్ను మళ్లీ పెరగదు అన్నాడు. నా పక్క పన్ను అప్పటికే లోపల చచ్చిపోయింది. పీకేశారు. ఏ జబ్బూ లేని పన్ను.

"మీ వీపు చరిచినవాళ్లకు దండం పెట్టుకోండి" అన్నాడు ఆ డాక్టరు. ఎవరని అడగలేదు. అడిగితే ఏం చెప్పేదాన్నో తెలియదు.

కొన్నాళ్లకు ఆ పండ్ల డాక్టర్ సంగారెడ్డిలో దుకాణం ఎత్తేశాడు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

రాష్ట్రం మారి, పేరు మారిన తర్వాత ఒకరోజు నేను హైదరాబాద్ నుంచి బస్సులో వస్తున్నాను. పటాన్‌చెరులో బస్సు ఆగింది. అప్పట్లో అక్కడ ఇప్పటిలా కంపెనీలు లేవు, రోడ్డు పక్క నాలుగు దుకాణాలు, చేన్లు. ఆయన ఎక్కాడు. నన్ను గుర్తుపట్టి తల తిప్పుకున్నాడు. రుద్రారం దాటేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుని, తర్వాత లేచి వచ్చి నా ముందు సీటులో కూర్చున్నాడు.

"టీచరమ్మా, ఆమె మీకు మళ్ల కనవడ్డదా?"

నాకు మొదట అర్థం కాలేదు. ఎవరు అన్నాను.

"గా రోజు. నేను గొల్లెం తీసి లోపలికొస్తె మీ ఎనక నిలవడ్డది. 'ఎటు వోయినవ్ రా?' అన్నది. మా అమ్మ తప్ప నన్నెవ్వరు గట్ల అనరు."

"మీరేమన్నారు?"

"చాయ్ తాగనీకె వోయిన అన్న." తల దించుకున్నాడు. "ఆమె ఎనక అర్రలకు వోయింది. తర్వాత లేదు. మొఖం యాదికి లేదు. గొంతే యాదికున్నది."

ఈ మనిషి కళ్లారా చూశాడు. చూసి, జైనబ్‌బీ ముందు నన్ను మతి తప్పినదాన్ని చేశాడు. మా ఆయన దగ్గర, బడి దగ్గర, చర్చిలో ఇన్నేళ్లు నేను అబద్ధాలకోరుగా బతికాను.

"మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదు?" అన్నాను. బస్సులో అందరూ మావైపు తిరిగారు.

"చెప్తె నా దుకానం నడుస్తుండెనా అమ్మా?" అన్నాడు. ఇప్పుడు జహీరాబాద్‌లో పెట్టుకున్నాడట. అప్పటి నుంచి ఎవరినీ కుర్చీలో ఒంటరిగా వదిలిపెట్టడం లేదట. అది విని, పోనీ ఇప్పటికైనా బుద్ధి వచ్చిందనుకున్నాను.

"ఇడ్శిపెట్టి వోతె ఆమె మళ్ల వస్తదేమోనని భయం" అన్నాడు.

మనిషి చచ్చిపోతుందని కాదు! ఆమె వచ్చి అడుగుతుందని. నేను లేచి వెళ్లి వేరే సీటులో కూర్చున్నాను. సంగారెడ్డిలో దిగేటప్పుడు ఆయన నమస్తే పెట్టాడు. నేను పెట్టలేదు.

గొళ్లెం పెట్టిన ఇంట్లోకి ఆమె ఎలా వచ్చిందో నాకు తెలియదు. ఎవరి ఇంట్లో పిండి పిసుకుతూ మధ్యలో లేచి వచ్చిందో తెలియదు. నా లెక్కల్లో ఆమె ఎక్కడా ఇమడదు. దయ్యం అనడానికి మాత్రం ఇప్పటికీ నాకు నోరు రాదు. ఆ గదిలో మనిషిలా నడుచుకున్నది ఆమె ఒక్కతే.