స్టిగ్ పాటలకు క్యాలెండర్ పేర్లు

హార్నోసాండ్ ఊళ్లో ముప్పై ఒక్క ఏళ్లు బస్సు నడిపిన స్టిగ్ ఓకర్‌లుండ్ ఒక్క ప్రయాణికుణ్ణి కూడా దారి మధ్యలో దింపేయలేదు. పాటల్ని మాత్రం ఒక్కదాన్నీ చివరి స్టాపుకి చేర్చలేదు. పద్దెనిమిదేళ్లుగా అతను రికార్డు చేసినవి రెండు వందల ముప్పై ఆరు. వాటిలో పూర్తయినవి ఎన్ని అని ఎవరైనా అడిగితే, కాఫీ తాగుతారా అని అడిగేవాడు.

చేతకాక కాదు. గిటారు బాగా వాయిస్తాడు, ఆర్గన్ ఫరవాలేదు. కానీ అతనింట్లో కొత్త పాటకి కొత్తల్లుడి మర్యాదలన్నీ జరిగేవి. వారం తిరిగేసరికి ఇంకో అల్లుడు దిగేవాడు. మొదటివాడు వసారాలో కూర్చుని అందరి మొహాలూ చూస్తూ ఉండాల్సిందే.

పేరు పెట్టడమంటే అతనికి మరీ పిరికితనం. పాట పూర్తయ్యాక అసలు పేరు పెడదాం, అంతదాకా ఏదో ఒకటి అనేవాడు. ఆ ఏదో ఒకటి గోడ మీది క్యాలెండర్లోంచి వచ్చేది. అక్కడ ప్రతి తేదీ కిందా ఒక మనిషి పేరు అచ్చయి ఉంటుంది. ఆ పేరుగలవాళ్లకి ఆ రోజు కార్డులూ కేకులూ అందుతాయి. స్టిగ్ పాట ఏ రోజున పుడితే ఆ రోజు పేరు దానిది. అలా హెడ్విగ్, ఎగోన్, మటిల్డా అంటూ కంప్యూటర్ నిండా పెళ్లివారిలా దిగిపోయారు. ఏటా సెలవులు జూలైలో అవే మూడు వారాలు కావడంతో పేర్లు చాలక ఒస్వాల్డ్ రెండు, ఒస్వాల్డ్ మూడు అని కూడా వెలిశారు.

పాటలు ఎక్కువగా పుట్టేది శని ఆదివారాలూ సెలవులూ గడిపే దీవి మీద, అతని భార్య గునెల్ వాళ్ల అమ్మమ్మ కట్టించిన చిన్న కొయ్య ఇంట్లో. మాటలు కట్టేదీ పాడేదీ గునెలే. ఊళ్లోని అపార్ట్‌మెంట్లో పాడితే కింది వాటావాళ్లు చీపురుకర్రతో పైకప్పు పొడుస్తారు. అందుకని ఆమె గొంతు దీవిలోనే, అరచేతిలో పట్టేంత రికార్డర్లోకి ఎక్కేది. దానికి బ్యాటరీ తీసిన ప్రతిసారీ మతి పోయి, ఎప్పుడడిగినా జనవరి ఒకటే అని చెప్పేది. సోమవారం ఊరికొచ్చి స్టిగ్ అదే పాటకి గిటారూ ఆర్గనూ కంప్యూటర్లో వాయించి పెట్టుకునేవాడు. రెండూ ఒకచోట కలపడం మాత్రం ఎప్పుడో తీరిక దొరికినప్పటి పని.

ఒకటి రెండుసార్లు తీరిక దొరక్కపోలేదు. ఒస్వాల్డ్ అనే పేరుతో గునెల్ గొంతు ఉంది, ఒస్వాల్డ్ అనే పేరుతో గిటారు లేదు. దీనికి వాయించడం మరిచిపోయాను కాబోలు అనుకుని, తనను తానే తిట్టుకుని, స్టిగ్ ఇంకో కొత్త పాట మొదలుపెట్టాడు.

మొన్న ఏప్రిల్లో గునెల్ గొంతులో చిన్న గడ్డ ఉందన్నారు. గురువారం ఆపరేషన్. ప్రాణానికేం భయం లేదు, గొంతు మాత్రం మునుపటిలా ఉంటుందని మాట ఇవ్వలేనని డాక్టరమ్మ చెప్పింది. ఆ సోమవారం గునెల్ ఆసుపత్రి నుంచి వచ్చి, బూట్లు విప్పి, తిన్నగా స్టిగ్ ముందుకొచ్చి నిలబడింది.

"నేను పాడింది ఒక్కటి, ఒకే ఒక్కటి, మొదట్నించీ చివరిదాకా వినాలి. గురువారంలోపు."

"వినిపిస్తాను. కాకపోతే ముందు అవన్నీ కాస్త సర్దుకోవాలి..."

"పద్దెనిమిదేళ్లుగా సర్దుతూనే ఉన్నావుగా! నా గొంతేమన్నా అటక మీద సామాననుకున్నావా?"

ఆమె కోప్పడినందుకు కాదు, అన్నది నిజమైనందుకు స్టిగ్‌కి చాలా బాధ కలిగింది. మూడేళ్ల కిందట గునెల్ దీవిలో కూడా పాడటం మానేసింది. అప్పుడు అతను కారణం అడగలేదు. ఇప్పుడు అడగనవసరం లేకపోయింది.

"మా అన్నయ్యకి ఫోన్ చేశాను," అంది గునెల్. "పొద్దున్నే వస్తాడు. వాడు చెప్పినట్టు చెయ్యి."

గునెల్ అన్నయ్య రూనె నలభై ఏళ్లు పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసి పదవీ విరమణ చేసినవాడు. చిరునామా లేని వస్తువును చూస్తే దానికో చీటీ అంటించేదాకా వదలడు. మంగళవారం ఎనిమిదింటికల్లా నాలుగు ఖాళీ బూట్ల పెట్టెలతో, ఒక కట్ట చీటీలతో దిగాడు.

"బావా, కంప్యూటర్ని నమ్మకు. పాటకో చీటీ. పేరు రాయి, లోపల ఏముందో రాయి, ఏ రోజు పుట్టిందో రాయి."

"ఏ రోజో నాకేం గుర్తు? ఆ రికార్డర్ అన్నీ జనవరి ఒకటే అంటుంది."

"కంప్యూటర్?"

"అది పోయినేడు కొత్తది కొన్నాం. అన్నీ పోయినేడే పుట్టాయంటుంది."

"భేష్. మీ ఇంట్లో యంత్రాలకి కూడా నీ బుద్ధే వచ్చింది. సరే, తేదీ వద్దు. ఆ రోజు ఏం జరిగిందో చెప్పు."

అలా అడిగితే స్టిగ్‌కి అన్నీ గుర్తొచ్చాయి. ఎగోన్ అంటే దీవిలో పడవ మోటారు చెడిపోయిన రోజు. హెడ్విగ్ అంటే గునెల్ ఉప్పుచేప జాడీ బద్దలుకొట్టిన రోజు. అతను చెబుతుంటే రూనె రాస్తూ పోయాడు. వంటింటి బల్లంతా చీటీలే. గునెల్ వచ్చి దాల్చినచెక్క బన్నులు పెట్టడానికి చోటు లేక, పళ్లెం ఒళ్లో పెట్టుకుని తనే తినసాగింది.

పదకొండింటికి రూనె రెండు చీటీలు పక్కపక్కన పెట్టి కళ్లజోడు సవరించుకున్నాడు.

"బావా, ఈ ఒస్వాల్డ్ పుట్టిన రోజు ఏం చేశావన్నావు?"

"పడవకి పచ్చరంగు వేశాను. నిచ్చెన మీంచి డబ్బా నా నెత్తిన పడింది."

"మరి ఈ రెబెక్కా పుట్టిన రోజు?"

"అది... పడవకి రంగు వేసిన రోజే. డబ్బా పడింది."

"ఒకే పడవకి ఒకే రోజు రెండు రంగులేశావా, లేక నీకు రెండు నెత్తులున్నాయా?"

స్టిగ్ చీటీలను మార్చి మార్చి చూశాడు. ఒస్వాల్డ్ చీటీ మీద 'గొంతు మాత్రమే' అని ఉంది. రెబెక్కా చీటీ మీద 'గిటారు, ఆర్గన్, గొంతు లేదు' అని ఉంది.

"ఒస్వాల్డ్ అనే పేరు ఎక్కడ చూసి పెట్టావు?" అన్నాడు రూనె.

"దీవిలో. గోడ మీద మీ అమ్మమ్మ కుట్టిన గుడ్డ ఉందిగా, తేదీలూ పేర్లూ... దాన్ని చూసి."

"ఈ రెబెక్కా?"

"సోమవారం ఇంటికొచ్చి, శనివారం పాట పేరేమిటా అని ఇక్కడి క్యాలెండర్ చూసుకుని..."

రూనె కుర్చీ వెనక్కి తోసి లేచాడు. నలభై ఏళ్ల ఉద్యోగంలో కూడా అతనికి అంత కోపం వచ్చి ఉండదు.

"ఓరి నాయనా! మా అమ్మమ్మ ఆ గుడ్డ కుట్టేనాటికి మా అమ్మకి పెళ్లే కాలేదు. తర్వాత క్యాలెండర్లో పేర్లన్నీ మార్చేశారయ్యా! పాత పేర్లు తీసేసి, ఉన్నవాటిని అటూ ఇటూ జరిపారు. ముసలి అత్తయ్యలకి కార్డులు పాత తేదీకి, కోడళ్లకి కొత్త తేదీకి వచ్చి, ఏళ్ల తరబడి మేం చచ్చాం. నువ్వు బస్సు ఏ టైంటేబుల్ చూసి నడిపావు, మీ తాతగారిదా?"

గునెల్ నోట్లో బన్ను పెట్టుకునే నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు దగ్గులోకి దిగింది. స్టిగ్ గబగబా నీళ్లందించాడు.

అమ్మమ్మ గుడ్డ మీది పేర్లు రూనెకి చిన్నప్పుడే కంఠతా వచ్చు. అతను పాత పేరు చెప్పడం, స్టిగ్ గోడ క్యాలెండర్లో కొత్త పేరు వెతకడం. సాయంత్రానికి అరవై ఒక్క జంటలు కుదిరాయి. ఇన్నేళ్లూ సగం సగమని తాను సిగ్గుపడ్డ పాటల్లో అరవై ఒక్కటి సగం కానే కావని, ఒక్కోదానికీ రెండు పేర్లున్నాయని తెలిసి స్టిగ్ ఎగిరి గంతేయబోయాడు. రూనె చూపు చూసి ఆగాడు.

బుధవారం మధ్యాహ్నానికి స్టిగ్ పడవ రంగు పాటను కలిపాడు. రెండు భాగాలూ ఒకే వేగంలో ఉండటం అతని తెలివి కాదు. టిక్కు టిక్కుమంటూ తాళం వేసే పెట్టెను ఎక్కడికెళ్లినా మోసుకెళ్లేవాడు. దాని ముల్లు ఎప్పుడో బిగుసుకుపోయి ఒకే వేగం చూపేది. దీవి ఇంట్లో గునెల్ శ్రుతి అందుకునే పాత ఆర్గన్ కాస్త ఎక్కువ శ్రుతిలో ఉంటుంది, అందువల్ల గొంతు గిటారుకన్నా వెంట్రుకవాసి పైన ఉంది. స్టిగ్ దాన్ని సరిచేయడానికి మూడు వారాలు పడుతుందన్నాడు. రూనె అతని చెయ్యి పట్టుకుని కంప్యూటర్ దగ్గర్నుంచి లాగేశాడు.

ముగ్గురూ వంటింట్లో కూర్చుని విన్నారు. పదేళ్ల కిందటి గునెల్ గొంతు, లేతగా, కొంచెం గడుసుగా. ఒక చరణం అయింది, రెండు, మూడు. గునెల్ బల్ల అంచు పట్టుకుని కదలకుండా వింటోంది. నాలుగో చరణం ముందు పాటలోని గునెల్ హఠాత్తుగా "అయ్యో, చేపలు మాడుతున్నాయి!" అని అరిచింది. పరుగెత్తిన అడుగుల చప్పుడు. ఆ తర్వాత గొంతు లేదు. గిటారు ఒక్కటే చరణమంతా వాయించుకుంటూ పోయింది.

స్టిగ్ తల వంచుకున్నాడు. "ఇదీ సగమే గునెల్. నన్ను క్షమించు."

"ఆ చరణం నాకు గుర్తుంది," అంది గునెల్. "వెనక్కి తిప్పు. ఆ మైకు ఇటు పెట్టు."

"గొంతుకి శ్రమ పెట్టొద్దన్నారు కదా!"

"ఆపరేషన్ తర్వాత పెట్టొద్దన్నారు. ఇవాళ బుధవారం."

ఆమె లేచి నిలబడి పాడింది. ఇప్పటి గొంతు గరుకుగా, బరువుగా ఉంది. పై స్వరం దగ్గర ఒకసారి పగిలింది. ఇంకోసారి పూర్తిగా గాలైపోయింది. కింది వాటావాళ్లు చీపురుకర్రతో పొడిచారు. ఆమె ఆగలేదు, చివరి మాట దాకా పాడింది.

స్టిగ్‌కి కళ్ల నీళ్లు కారుతున్నాయి. అయినా అలవాటు ఎక్కడికి పోతుంది? "ఎంత బాగుందో! ఆ పై స్వరం ఒక్కటీ, ఇంకొక్కసారి..." అన్నాడు.

రూనె బల్లకింద అతని కాలు తొక్కాడు. గునెల్ వంగి, తనే మీట నొక్కి రికార్డు ఆపేసింది.

"ఇంకోసారి లేదు స్టిగ్," అంది. "అయిపోయింది."