పుంగనూరు బజారు వీధి లంకైన ముసురు

తొంభైల్లో కుప్పం నుంచి కోడలిగా వచ్చి పుంగనూరు బజారు వీధిలో కాపురం పెట్టాను. మా మామగారిది ఇత్తడి సామాన్ల అంగడి, దాని మీదనే ఇల్లు. సంస్థానం రోజుల్లో సంతకొచ్చే ఎడ్లబండ్లన్నీ ఈ వీధిలోనే ఆగేవనీ, పొట్టి పుంగనూరు ఆవుల్ని చూడటానికి ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చేవారనీ ఆయన చెప్పేవారు. నేను చూసేనాటికి మిగిలినవి చెక్క స్తంభాల వసారాలు, పూలంగళ్లు, చౌడేపల్లె కూరగాయల గంపలు, మా ఎదురుగా ఒక అవ్వ నడిపే కాఫీ హోటలు. మట్టీ రాయీ కలిపి కట్టిన ఆ హోటలే వీధిలో అన్నిటికన్నా పాతది. మదనపల్లె బస్సు దిగినవాళ్లు అక్కడ ఇడ్లీ, చెనక్కాయల చట్నీ తిన్నాకే పనులు చూసుకొనేవారు.

ఒక కార్తీకంలో ముసురు పట్టింది. మా కరువు సీమలో వానకు ఎవరూ భయపడరు. ఏళ్ల తరబడి అడుగంటిన హోటలు బావిలో నీళ్లు పైకొస్తుంటే అవ్వ పసుపు కుంకుమ వేసి మొక్కింది. మర్నాటికి వంగి చెంబుతో ముంచుకొనేంత పైకి వచ్చాయి. ఆపైన ఎర్రగా మారాయి. అవ్వ మొక్కడం మానేసింది.

మా వీధి మిట్ట, దాని రెండు చివరలూ పల్లం. అటూ ఇటూ వంకలు పొంగి రోడ్డెక్కాయి. బస్సులు నిలిచిపోయాయి. పల్లపు ఇళ్లవాళ్లు పిల్లల్ని చంకనేసుకొని మా వైపు వచ్చారు. చుట్టూ నీళ్లు, నడుమ మా వీధి ఒక్కటే లంకలా మిగిలింది.

"సెరువు కట్ట తెగతాండాదంట," అన్నారెవరో. ఊరి ఎగువనున్న పెద్ద చెరువు అది, తెగితే మా మిట్టా మిగలదు. మామ బిందెలన్నీ పక్కకు జరిపి అంగట్లో జనాన్ని కూర్చోబెట్టారు. అవ్వ అందరికీ కాఫీ కాచి పంపుతూనే ఉంది.

కట్ట తెగలేదు. వాన వెలిసి, ఎండ కాసింది. జనం నవ్వుకుంటూ ఇళ్లకు మళ్లారు. మామ మాత్రం నవ్వలేదు. హోటలు గోడను చేత్తో తడిమి వచ్చి, "గోడ మెత్తగా ఉండాదమ్మా. నేలంతా ఊట," అన్నారు నాతో. ఇద్దరం అవ్వ దగ్గరికి వెళ్లాం.

"అమ్మా, మట్టి గోడ ఆరేటప్పుడే పట్టు ఇడుస్తాది. లేసి మా ఇంటికి రా," అన్నారు మామ అవ్వతో.

"వానకు పడంది ఎండకు పడతాదా అప్పా? పొయ్యి మీద పప్పు ఉడకతాండాది."

మామ ఎంత చెప్పినా ఆమె కదలలేదు. నేను చేయి పట్టుకున్నాను. "నాకు బయంగా ఉండాదవ్వా. నాకోసం రా."

నా మొహంలో ఏం కనబడిందో, గరిటె కింద పెట్టి లేచింది.

మేము వీధి దాటి మా వసారా ఎక్కుతుండగా వెనక దబ్బుమంది. నిండు బస్తా కింద పడేసిన చప్పుడు, అంతే. తిరిగి చూస్తే హోటలు లేదు. ఎర్రమట్టి కుప్ప, విరిగిన దూలాలు, వాటి సందుల్లోంచి పొయ్యి పొగ.

అవ్వ ఏడవలేదు. "పప్పు మాడిపోతాదే," అంది మెల్లగా.

ఆ రాత్రి నుంచి వీధిలో మట్టి గోడలున్నవాళ్లందరూ పడుకొనే ముందు వాటిని తట్టి చూసుకొనేవారు. రెండువేల సంవత్సరం దాటేసరికి ఆ మట్టి గోడల్నీ వాటి ముందరి వసారాల్నీ ఒక్కొక్కటే వాళ్లే విప్పేసుకున్నారు. అవ్వ బతికినన్నాళ్లూ మా అరుగు మీదే ఇడ్లీ పొయ్యి పెట్టుకొంది. వీధి దాటి అటువైపు మాత్రం మళ్లీ పోలేదు.