ఒక్క నాగా

నతానియేలు పని నుంచి వచ్చే వేళకి వాకిట్లో బకెట్టు నీళ్లూ పాత తువ్వాలూ పెట్టి ఉంచడం జయకుమారికి పందొమ్మిదేళ్ల అలవాటు. మిరప ఘాటు గుమ్మం దాటకూడదని అతను అక్కడే కాళ్లూ చేతులూ కడుక్కునేవాడు. ఘాటు ఇంట్లోకి రాలేదు గానీ అతని ఊపిరితిత్తుల్లోకి పోయింది. నెల రోజులుగా బకెట్టు బోర్లించే ఉంది.

గుంటూరు యార్డులో ఒక మిర్చి కొట్లో అతని కొలువు. బస్తాలోకి మోచేతిదాకా చెయ్యి పెట్టి, అడుగున ఉన్న కాయ తీసి చెవి దగ్గర ఆడించేవాడు. గింజ గలగలమంటే ఎండు, పలక్కపోతే చెమ్మ. ఆ చెవి మీద నమ్మకంతోనే పైఊళ్ల బేరగాళ్లు ఆ కొట్టు మెట్లెక్కేవాళ్లు.

అతను పోయిన నెలకి పెట్టిన జ్ఞాపకార్థ కూడికకి కొట్టు యజమాని శ్రీకృష్ణగారు నల్లపాడులో జయకుమారి ఇంటికి కారేసుకుని వచ్చారు. చొక్కా మీద మడత లేదు, మొహంలో దుఃఖమూ లేదు. నతానియేలు ఫొటోకి పెద్ద ఫ్రేము కట్టించి తెచ్చారు. కింద బంగారు రంగు అక్షరాలు: ‘పందొమ్మిదేళ్లలో ఒక్క నాగా లేదు.’ ఇలాంటిదే కొట్లో కూడా తగిలించారట, కొత్తగా చేరినవాళ్లకి బుద్ధి రావడానికి.

ప్రార్థన అయ్యాక ఆయన లేచారు.

“పనివాడంటే మా నతానియేలులా ఉండాలండీ. జ్వరమొచ్చినా వచ్చేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. చెప్పింది చెయ్యడమే గానీ ఎదురు మాటెరగడు!”

కొట్లో పనిచేసే ఆదెయ్య అందరికన్నా గట్టిగా తలూపాడు. అతని ఉద్యోగమే అది.

ఎద్దుని అమ్మేవాడు కూడా ఇట్టాగే పొగుడుతాడు, అనుకుంది జయకుమారి.

“ఏమ్మా, ఏనాడన్నా నాగా పెట్టాడా? నువ్వే చెప్పు, వీళ్లంతా వింటారు.”

నలుగురిలో ఏనాడూ పెదవి విప్పని మనిషి తల ఎత్తింది.

“పెట్టాడండీ. ఒక్కటి.”

శ్రీకృష్ణగారి నవ్వు సగంలో ఆగింది.

“ఆరేళ్ల కిందట, తూకం పెరగాలని ఎండుకాయల మీద నీళ్లు కొట్టమన్నారు మీరు. ‘నీళ్లు కొట్టి, ఇదే చేత్తో ఎండుకాయ అని ఎట్టా చెప్పేదండీ’ అని ఇంటికొచ్చేశాడు. మర్నాడు పన్లోకి రాలేదు. ఆ పై రోజు తెల్లారకుండానే మీరు స్కూటరేసుకుని వచ్చి ఈ వాకిట్లోనే నిలబడ్డారు. ‘నువ్వు కాయ చూస్తే తప్ప బేరగాళ్లు కొట్టుకి రామంటున్నారయ్యా, నీళ్లు కొట్టించన్లే, రా’ అన్నారు. మరిచిపోయారా?”

“అయ్యన్నీ ఇప్పుడెందుకమ్మా!”

“మీరే గదండీ అడిగారు.”

ఆదెయ్య అలవాటు కొద్దీ తలూపబోయి, నాలిక్కరుచుకున్నాడు. శ్రీకృష్ణగారు భోజనానికి ఆగలేదు. సత్తెనపల్లిలో పనుందట.

ఆయన కొట్టు పరువు నిలబడిందే ఆ నాగా మీద. దాన్నే తుడిచేసి, మెడ వంచే మనిషొకణ్ణి తయారుచేసి అద్దంలో బిగించి తెచ్చారు. అతనెవరో జయకుమారికి తెలీదు. అలాంటివాడితో తను కాపురం చెయ్యలేదు.

ఆకులెత్తాక ఆడపడుచు జాస్మిన్ ఫ్రేము పట్టుకుని వచ్చింది.

“వదినా, మేకు కొట్టి తగిలించొద్దూ? పెద్దాయన ఇచ్చింది, గోడకి లేకపోతే ఏం బావుంటుంది?”

“సుత్తి కనపట్టం లేదమ్మా.”

సుత్తి జయకుమారి కాళ్ల దగ్గరే ఉంది. జాస్మిన్ దాన్ని చూసింది, వదిన మొహం చూసింది. ఫ్రేముని బియ్యం డబ్బా వెనక, గోడ వైపుకి తిప్పి పెట్టింది.