కొమ్మలన్నీ గీసిన మేడం

తోంగ్‌పాల్‌లో బస్సు ఆగినప్పుడు పక్క సీట్లో ముసలమ్మ నీలగిరి తైలం సీసా మూత తీసింది. ఆ ఘాటు తగలగానే వరహాలు మేడం గుర్తొచ్చారు. కిరండూల్ ఇనుప గనికి వలస వచ్చిన తెలుగు కార్మికుడి కూతురు ఆవిడ. చిన్ననాటి నుంచీ వదలని దగ్గుకు చేతిరుమాలులో రెండు చుక్కలు వేసుకుని, జగదల్‌పూర్ కాలేజీలో మాకు చరిత్ర చెప్పేవారు.

పాఠం హిందీలోనే. తెలంగాణ సరిహద్దును ఆనుకున్న బస్తర్ పల్లె నుంచి వచ్చిన నన్ను మాత్రం తెలుగులో పలకరించేవారు. ఒకరోజు ఫ్రాన్సును మూడు వందల ఏళ్లకు పైగా ఏలిన కాపే వంశాన్ని బోర్డు మీద చెట్టులా గీశారు. మా పుస్తకంలో కొడుకులే ఉన్నారు. ఆవిడ కూతుళ్లనూ గీశారు. పదో లూయీ పోయాక పుట్టిన మగబిడ్డ కొద్ది రోజులే బతికాడు. మిగిలిన కూతురు ఝాన్‌ను నెట్టేసి ఆమె చిన్నాన్న గద్దెనెక్కాడు. తీరా ఆయనకూ కూతుళ్లే మిగిలారు. ఆడపిల్లకు గద్దె లేదని తాను పెట్టిన పద్ధతే వాళ్లకూ అడ్డమొచ్చింది. ఆయన తమ్ముడికీ కొడుకుల్లేక, రాజ్యం చివరికి వాలోయ్ అనే పక్క కొమ్మకు పోయింది.

"ఆ రాజుల గొడవ బస్తర్‌కెందుకు మేడం?" అన్నారెవరో.

"పేర్లు రాసేవాడు ఎవరి పేరు వదిలేస్తాడో కనిపెట్టడానికి," అన్నారు ఆవిడ.

ఆ ఏడే మా నాన్న పోయాడు. పొలాన్ని వారసుల పేరుకు మార్చడానికి భూమి రికార్డులు చూసే పట్వారీకి వంశావళి ఇవ్వాలి. పెద్దన్న రాసిన కాగితంలో అమ్మ ఉంది, ఇద్దరన్నలూ ఉన్నారు. నేను లేను.

"నా పేరేదన్నా?"

"రేపు పెళ్లయితే పోయేదానివి. నీకెందుకే గీ లొల్లి? అడ్డు చెప్పనని సంతకం పెట్టు."

పెట్టలేదు. కాగితం అక్కడే వదిలేసి కాలేజీకి బస్సెక్కాను.

మేడం దగ్గర ఏడిస్తే ఓదారుస్తారనుకున్నాను. ఆవిడ తెల్లకాగితం నా ముందుకు తోసి, "ఏడుపు తర్వాత. నువ్వే రాయి," అన్నారు. రాశాను. ఆవిడ వంగి చూశారు.

"నీ పేరు అంత చిన్నగా రాసేవేటి? కొట్టేసి, అన్నల పేర్లంత పెద్దగా రాయి."

ఆఫీసుకు నాతో వచ్చారు. పట్వారీ కాగితం ముట్టుకోలేదు. "బిటియా, ఇంట్లో ఝగడా పెట్టకు. ఇక్కడి రివాజు ఇదే," అన్నాడు.

"అయితే కూతురి పేరు రాయననే రాసి సంతకం చేసివ్వండి, తీసుకుపోతాం," అన్నారు మేడం, దగ్గు ఆపుకుంటూ.

అతను కలం తీయలేదు. కాగితం మాత్రం తీసుకున్నాడు.

బయట అన్న అడ్డొచ్చాడు. "ఇంటి పరువు తీసినవ్ గదనే!"

"నా పేరు రాస్తే పోయే పరువేందన్నా అది?" అన్నాను. అంత గట్టిగా అనగలనని నాకే తెలియదు.

తిరుగు బస్సులో మేడం కిటికీలోంచి చూస్తూ, "ఝాన్‌కి ఫ్రాన్స్ దక్కనేదు. పెద్దయ్యాక నవార్ అనే చిన్న రాజ్యం దక్కింది. దాన్ని వదల్నేదు," అన్నారు.

మరో మూడుసార్లు తిరిగాక నా పేరు ఎక్కింది. అన్న నాలుగేళ్లు మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడతాడు, ముక్తసరిగా. నా వంతు చేలో వరి నేనే వేయిస్తున్నాను.

మేడం పోయి రెండేళ్లయింది. మా పల్లె ఆడపిల్లలతో ఇప్పుడు ఆఫీసులకు నేను వెళ్తున్నాను. కుర్చీలో ఉన్నవాళ్లు తలెత్తకపోతే, ఎత్తేదాకా అక్కడే నిలబడతాను.