మూడో అంతస్తులోని కంప్యూటరు

ఆరేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చాలా చిన్నది. ‘లేదండీ’ అన్న ఒక్క మాట. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో.

ఫిల్మ్‌నగర్‌లో సినిమా చదువులు చెప్పే ఒక ప్రైవేటు యూనివర్సిటీలో కంప్యూటర్ల విభాగం చూసుకుంటాను. పోయిన వారం మా రిజిస్ట్రారు గారు పిలిచి, సిస్టమ్‌లన్నీ మళ్ళీ కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌కి మార్చాలి, ప్లాను మీరే రాయండి, కిందటిసారి చక్కగా చేశారుగా అన్నారు. చక్కగా చేశానట. ఆ మాట విన్న దగ్గర్నుంచీ నాకు అన్నం సహించడం లేదు.

కిందటిసారి ఏం జరిగిందో చెబుతాను. దసరా సెలవుల్లో ఒక ఏజెన్సీ వాళ్ళు వచ్చి ప్రతి కంప్యూటర్లోనూ ఉన్నదంతా తుడిచేసి కొత్త సిస్టమ్ ఎక్కించాలి. అంతకు ముందు నేను గది గదికీ తిరిగి, మార్చకూడని మెషిన్లేవో చూసి, వాటికి ఎర్ర స్టిక్కరు అంటించి, లిస్టు రాసి ఏజెన్సీకి ఇవ్వాలి. అంతే నా పని. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో అంతకన్నా తేలికైన పని నాకెవరూ చెప్పలేదు.

మూడో అంతస్తులో ఒక చిన్న గది. అందులో సుగుణమ్మ అనే టైపిస్టు కూర్చునేది. మోతీనగర్ నుంచి వచ్చేది, కాంట్రాక్టు ఉద్యోగం. రిటైరైపోయిన ఒక ప్రొఫెసరు గారు, సినిమాల్లో తెర వెనక పనిచేసిన ముసలివాళ్ళను కూర్చోబెట్టి వాళ్ళ కథలు చెప్పించి ఫోన్లో రికార్డు చేసేవారు. లైట్లు మోసినవాళ్ళు, బట్టలు ఇస్త్రీ చేసినవాళ్ళు, గుంపులో నిలబడి నిలబడి వయసైపోయినవాళ్ళు. ఆ మాటలన్నీ సుగుణమ్మ టైపు చేసేది. ఫోన్లో జాగా చాలక, ఒకరిది టైపు అయిపోగానే ఆ రికార్డింగు చెరిపేసేవారు. అంటే ఆ కథలు ఉన్నది ఆ ఒక్క కంప్యూటర్లోనే.

నేను వెళ్ళేసరికి ఆవిడ లేచి నిలబడింది.

“సార్, గీ సిస్టమ్ల తెలుగు టైపు సాఫ్ట్‌వేర్ పాతది. కొత్తదాంట్ల నడవదు. ఫైళ్ళన్ని గీండ్లనే ఉన్నయి. పెన్‌డ్రైవ్ల ఎక్కిద్దామంటే మీరు బంద్ వెట్టిరి గద. దీన్ని జర ముట్టొద్దని మీవోళ్ళకు చెప్పుండ్రి.”

నిజమే, వైరస్ భయంతో పెన్‌డ్రైవ్‌లు పనిచేయకుండా మూయించింది నేనే. జేబులో చూసుకున్నాను. స్టిక్కర్లు అయిపోయాయి.

“ఓ బొట్టుబిళ్ళ అంటించేయండి సుగుణమ్మా, గుర్తుకు. లిస్టులో నేను రాసేస్తాను.”

“యాది మరువకుండ్రి సార్.”

“మర్చిపోనండీ.”

ఆవిడ నవ్వుతూ బ్యాగులోంచి అట్ట తీసి, మెరూన్ రంగు బిళ్ళ ఒకటి మానిటరు పైఅంచున అంటించింది.

ఆ రోజు కింద ఆవరణలో షూటింగు జరుగుతోంది. మా క్యాంపస్ అద్దెకిస్తారు. మా అమ్మాయికి ఇష్టమైన హీరో వచ్చాడని ఎవరో అంటే, పక్క గదులు కూడా చూడకుండా దిగిపోయాను. గంటన్నర నిలబడితే ఒక ఫొటో దొరికింది. అందులో నా మొహం సగమే పడింది. సాయంత్రం లిస్టు కంప్యూటర్లో ఎక్కిస్తూ మూడో అంతస్తు దగ్గర ఆగాను. అక్కడ ఏదో ఉంది అనిపించింది. మరిచిపోయానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను కానీ, అది పూర్తి నిజమా? ఏదో ఉందని తెలుసు. మెట్లెక్కి చూసి రావచ్చు. ఆవిడకు ఫోన్ చేయవచ్చు. బద్ధకించాను. ఆ గడి ఖాళీగా వదిలేసి లిస్టు పంపించేశాను.

సెలవులకు ముందు రోజు అందరూ ఆయుధపూజ చేసుకున్నారు. ప్రతి మానిటరుకూ పసుపు, కుంకుమ బొట్లు. వాటి మధ్య సుగుణమ్మ బిళ్ళను ఏజెన్సీ వాళ్ళు పట్టించుకోలేదు. వాళ్ళ తప్పేముంది? లిస్టులో లేని ప్రతిదీ తుడిచేయమన్నది నేనే.

సెలవుల తర్వాత అందరికన్నా ముందు నేనే వచ్చాను. గదులన్నీ చూసుకుంటూ పైకెళ్ళాను. సుగుణమ్మ కంప్యూటరు కొత్త తెరతో వెలుగుతోంది. ఫైళ్ళ కోసం వెతికాను. ఏమీ లేవు. అప్పటికి కుంకుమలన్నీ ఎండి రాలిపోయాయి, బిళ్ళ మాత్రం అలాగే ఉంది. చూస్తూ నిలబడ్డాను. తర్వాత గోటితో దాన్ని గీరి, తీసి, జేబులో వేసుకున్నాను. ఆ పని చేస్తున్నప్పుడు నాకు పూర్తి స్పృహ ఉంది. కంగారులో చేశానని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు.

విచారణ అని పెద్ద హడావిడేమీ జరగలేదు. రిజిస్ట్రారు గారు ఇద్దరినీ గదిలోకి పిలిచారు. ఈ మెషిన్ సంగతి మీకు ఎవరైనా చెప్పారా అని నన్ను అడిగారు.

“లేదండీ.”

సుగుణమ్మ నా వైపు తిరిగింది. ఆ చూపులో కోపం లేదు. నాకేదో గుర్తు రావడం లేదనుకుని, ఇప్పుడు గుర్తొస్తుందిలే అని ఎదురు చూస్తున్నట్టుంది. “చెప్పిన గద సార్. బొట్టు గూడ పెట్టిన, వచ్చి చూడుండ్రి” అంది. ముగ్గురం పైకెళ్ళాం. ఆవిడ మానిటరు చుట్టూ వేళ్ళతో తడిమింది. వంగి టేబులు కింద వెతికింది. నేను పక్కనే నిలబడి చూశాను. ఒక్క మాట అంటే సరిపోయేది. పింఛను, అమ్మాయి చదువు, నా పేరు, అన్నీ ఆ ఒక్క క్షణంలో గుర్తొచ్చాయి. ఆవిడ కాంట్రాక్టు ఆ నెలతో ఆపేశారు. అజాగ్రత్త అని కాగితంలో రాశారు.

ఆ కథలు చెప్పిన ముసలివాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు.

రెండేళ్ళ కిందట ఎర్రగడ్డ మార్కెట్‌లో సుగుణమ్మ కనిపించింది. తప్పించుకుందామనుకునే లోపే నమస్తే పెట్టింది. ఒక బట్టల దుకాణంలో చేస్తున్నానంది. ఇంట్లో అందరూ బాగున్నారా అని అడిగింది. తర్వాత గొంతు తగ్గించి అంది:

“అప్పట్ల మిమ్మల్ని అందరి ముందట అబద్ధాలకోర్ని చేసిన సార్. మనసుల పెట్టుకోకుండ్రి. మా అత్తకు పానం బాగలేకుండె, నా దిమాక్ ఠికాన లేకుండె. చెప్పిన అనుకున్న, చెప్పలేదు కావచ్చు. గప్పటిసంది నా మీద నాకే నమ్మకం లేదు. ఇంటికి తాళమేసి గూడ మూడుసార్లు మళ్ళొచ్చి చూస్త.”

అప్పుడైనా చెప్పవచ్చు కదా? చెప్పలేదు. ఏమన్నానో తెలుసా? “పోనీలెండి సుగుణమ్మా, జరిగిందేదో జరిగింది” అన్నాను. ఆవిణ్ణి క్షమించినట్టు. ఆవిడ ముఖం తేలికపడింది. థ్యాంక్స్ సార్ అంది.

నాకు మీ క్షమ అక్కర్లేదు, అడిగే ముఖమూ లేదు. రేపు ఈ కాగితం ఆవిడకు చేరుస్తానా అంటే, ఇప్పటికీ గట్టిగా అవునని అనలేకపోతున్నాను. అంత పిరికివాణ్ణి. కానీ ఒక్కచోటైనా నిజం రాసి ఉండాలి. సుగుణమ్మ చెప్పింది. నేను విన్నాను. మర్చిపోనని మాటిచ్చాను. ఆవిడ మతిలో ఏ లోపమూ లేదు.