బావ చెప్పని తక్లీఫు

మొన్న జగిత్యాల బస్టాండులో కోరుట్ల బస్సు ఎక్కుతుంటే, నా ముందు ఎక్కిన పెద్దమనిషి ఎడమకాలి చెప్పు మెట్టు మీదే ఊడిపోయింది. ఆయనకు తెలియలేదు. ఒంటి చెప్పుతోనే లోపలికి వెళ్ళి, కిటికీ పక్కన కూర్చుని, టికెట్టుకు చిల్లర వెతుక్కుంటున్నాడు. నా వెనకాల ఉన్నామె "ఓ తాతా, నీ చెప్పు ఊరికి రానంటుంది" అంది. బస్సంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు, బాధ కూడా కలగలేదు. చెప్పు తీసుకెళ్ళి ఆయన కాలి దగ్గర పెట్టి, మా బావను తలుచుకుంటూ కోరుట్ల దాకా నిలబడే వెళ్ళాను.

మాది కోరుట్లలో బట్టల దుకాణం. నాకు మాటలకన్నా ముందు బేరం వచ్చిందని మా అమ్మ అందరికీ చెప్పుకునేది. గిరాకీ ఎట్లుందని ఎవరడిగినా "ఈగలు తోలుకుంటున్నం" అనాలని మా బాపు నేర్పాడు. పెళ్ళిళ్ళ కాలంలో గద్దె మీద కూర్చోవడానికి చోటు లేనప్పుడూ అదే మాట. బాగుందంటే ముందు దిష్టి, వెనక చందాలవాళ్ళు. అలాంటి ఇంటికి అల్లుడై వచ్చాడు మా అక్క భర్త. సిరిసిల్లలో సాంచెల మధ్య పుట్టి, ఆ మగ్గాల మోత పడక మిలిటరీలో చేరినవాడు. ఎవరు ఎలా ఉన్నావన్నా నడుము నిటారు చేసి "ఠీక్" అనేవాడు. పెళ్ళిచూపుల్లోనే మా బాపు తేల్చేశాడు: "పిలగాడు మంచోడే గని, బేరానికి పనికిరాడు."

మంచుకొండల మీద డ్యూటీలో బావ పాదాలు మొద్దుబారాయి. నౌకరీ ముగిసి ఇంటికి పంపేటప్పుడు అక్కడి డాక్టరు ఏమన్నా తక్లీఫు, ఇబ్బంది ఉందా అని అడిగితే లేదన్నాడు. కాగితం మీద అదే పడింది. ఆయన దృష్టిలో అబద్ధం కాదు. నొప్పి ఉంటే కదా చెప్పడానికి. ఇంటికొచ్చి ఏటీఎం దగ్గర కాపలాకు కుదిరాడు. రోజంతా నిలబడేవాడు, చెప్పులో మేకు దిగినా తెలిసేది కాదు. సాయంత్రం అక్క ఆయన కాళ్ళు కడిగి, వేళ్ళ సందుల్లో చూసి, పుండు పడిందో లేదో ఆమే చెప్పేది. అప్పటికే ఒక వేలు తీసేశారు. ఇంకో పుండు ముదిరితే పాదమే పోతుందని, నిలబడే పని మానాలని కరీంనగర్ డాక్టరు చెప్పాడు. కాపలా మానితే ఇల్లు గడవదు. కాళ్ళు నౌకరీలోనే చెడ్డాయని ఒప్పించి, వైకల్యం పింఛను తెచ్చుకోవడం తప్ప దారి లేదు.

జగిత్యాల కోర్టులో మాజీ సైనికుల కేసులు ఉచితంగా చూస్తారని అక్క ఎక్కడో విని వచ్చింది. ఉచితం అనే మాట మీద నాకు నమ్మకం లేదు. చీరకు రవికె గుడ్డ ఉచితమని మా దుకాణం ముందు బోర్డు పెట్టేది నేనే. అందుకే "ఫీజు ఎంతైనా ఇస్తం మేడం, జర మంచిగ చూడుండ్రి" అన్నాను. వకీలు మేడం నాకన్నా చిన్నది. "అన్నా, పైసలు దీస్కుంటెనే మంచిగ జూస్తరని నీకెవలు జెప్పిండ్రు?" అని ఫైలు లాక్కుంది. ఏళ్ళు పట్టినా, సైనికుల కేసులు చూసే ట్రిబ్యునల్ నుంచి బావను మెడికల్ బోర్డు మళ్ళీ పరీక్షించాలని ఆర్డరు తెచ్చింది. "ఎక్కువ జెప్పద్దు, తక్కువ జెప్పద్దు. ఉన్నది ఉన్నట్టు జెప్పుండ్రి" అని బావకు మరీ మరీ చెప్పింది.

నాకు అది సరిపోలేదు. దుకాణం షట్టరు సగం దించి, నేనే డాక్టరునై గద్దె మీద కూర్చున్నాను.

"ఎట్లున్నవ్?"

"ఠీక్ హై సాబ్."

"బావా, కాళ్ళు తెలుస్తలేవు అని అను."

"గది తక్లీఫ్ ఎట్లయితది బామ్మర్ది? నొప్పి లేదు గద."

"అయితే నొప్పున్నదను."

"లేంది ఉన్నదంటె ఝూటైతది."

చీరలు మడతపెడుతున్న అక్క తల ఎత్తకుండానే "మీ ఇద్దర్ని కలిపి రుబ్బితె ఒక్క సక్కటి మనిషి ఎల్తడు" అంది.

హైదరాబాద్‌లో మిలిటరీ దవాఖానాలోకి బావను ఒక్కడినే పిలిచారు. అక్కా నేనూ బయట బెంచీ మీద కూర్చున్నాం. చాలాసేపటికి వచ్చి మా మధ్య కూర్చున్నాడు.

"ఫెయిలైన" అన్నాడు.

ఎలా ఉన్నావంటే ఠీక్ హై అనేశాడట. ఆ తర్వాత డాక్టరు కళ్ళు మూసుకోమని, పాదం మీద సూదితో గుచ్చినప్పుడల్లా చెప్పమన్నాడట. బావకు ఏమీ తెలియలేదు. పరీక్షలో నోరు మూసుకుని ఉండటం ఆయనకు చేతకాదు. అందాజు మీద కాసేపటికొకసారి "హా సాబ్" అంటూ పోయాడు. కళ్ళు తెరిచేసరికి సూది బల్ల మీద ఉంది, డాక్టరు చేతులు కట్టుకుని చూస్తున్నాడు. పాదం మీద ఒక రక్తపు చుక్క. నిజంగా గుచ్చినప్పుడేమో బావ మాట్లాడనే లేదు.

"ఏమన్నడు?" అన్నాను.

"'కబ్ సే?' అన్నడు. ఎప్పటిసంది అంటె ఏం జెప్తం?"

లేని నొప్పి ఉందనేవాళ్ళను ఆ డాక్టరు ఎందరినో చూసి ఉంటాడు. పోయిన స్పర్శ ఉందనేవాడిని చూసి ఉండడు. నా జన్మలో చేసిన బేరాలన్నీ కలిపినా ఇలా ఓడి గెలిచినది ఒక్కటీ లేదని నాకు అక్కడే అర్థమైంది, అయినా సంతోషం రాలేదు. అక్క వంగి, ఆ చుక్కను కొంగుతో తుడిచింది.

కొన్ని నెలలకు పింఛను మంజూరైంది. వకీలు మేడం ఆర్డరు చదివి వినిపించగానే, అలవాటున పడి, వైకల్యం శాతం ఇంకొంచెం పెంచరా అన్నాను. "గిది చీరల బేరం కాదన్నా" అని ఆమె నవ్వింది. బావ నవ్వలేదు. కోర్టు మెట్ల మీద ఆగి, "ఇగ ఎవలన్న ఎట్లున్నవంటె ఏమనాలె బామ్మర్ది?" అని అడిగాడు. అక్క "ముందుగాల మెట్టు జూస్కో" అంది. ఆయన ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగాడు.

బావ కాపలా మానేశాడు. పాదం నిలిచింది. అది ఏనాడు మొద్దుబారిందో మాత్రం ఆయనకు ఇప్పటికీ తెలియదు. ఆర్డరులో దానికి ఒక తారీఖు వేశారు. మిగతా ఏళ్ళన్నీ ఆ తారీఖుకు అటో ఇటో, ఆయన పాదానికి మేకు తెలియనట్టే, వచ్చిందీ పోయిందీ మాకు తెలియకుండానే మా మీదుగా నడిచిపోయాయి.